బారువ రేవు నుంచి మా పరారీ

పరీక్ష ఇద్దరం తప్పాం, నేనూ మా మేనత్త కొడుకూ. బావ నాకన్నా ఏడాది పెద్ద. టెక్కలి బడిలో ఒకే బల్ల మీద కూర్చుని, లెక్కల్లో ఒకేలా మునిగాం. ఆ కబురు ఉద్దానంలోని మా ఊరికి చేరిందంటే మా నాన్న చేతిలో చింతబరికలు విరగాల్సిందే.

“రంగూనెల్లిపోదుం రా. అక్కడెవులూ లెక్కలడగరు,” అన్నాడు బావ.

తెల్లారగానే బయల్దేరాం. జీడితోటల్లోంచి, ఇసుకదిబ్బల మీంచి పరుగులాంటి నడక. రాత్రి ఒక తోటలో పడుకుని, మర్నాడు పొద్దున్నే బారువ చేరేసరికి దూరంగా సముద్రంలో పొగ ఓడ ఆగి ఉంది! రేవులో, ఓడకి సరుకు చేర్చే పడవలోకి కొబ్బరికాయల బస్తాలు ఎక్కిస్తున్నారు. మేమూ చెరొక బస్తా భుజానికెత్తుకుని ఎక్కి, దిగడం మరిచిపోయినట్టు అక్కడే నక్కాం.

మొదటి అల పడవ ముక్కుని ఆకాశానికెత్తింది. “లాగండెహె!” అని పడవ నడిపే సరంగు అరిచాడు. తెడ్లు ఒక్కసారిగా పడ్డాయి. రెండో అల మా నెత్తిమీంచే పోయింది. ఉప్పునీళ్ళు మింగుతూ బావ పెద్దగా నవ్వుతున్నాడు. నాకు భయమూ సంతోషమూ కలిసి ఒళ్ళంతా ఝల్లుమంది. బడీ లేదు, బరికా లేదు!

ఓడ పక్కకి చేరాం. తాడు నిచ్చెన మీదికి బావ కాలు పెట్టబోయాడు. పైనుంచి పెట్టె వీపున కట్టుకుని ఒకాయన దిగుతున్నాడు. పడవలో కాలు మోపి బావ మొహం కేసి తేరిపార చూశాడు.

“ఒరే, నువ్వు మా అప్ప కొడుకువి కాదేట్రా? అచ్చం అప్ప మొగమే!”

ఆయన మా చిన్నాన్న, బావ వాళ్ళమ్మకి తమ్ముడు. నేను పాకే వయసులో రంగూను వెళ్ళిపోయిన మనిషి.

బావ కళ్ళార్పలేదు. “అవును మావా! నీకెదురొచ్చినాం!”

చిన్నాన్న మా ఇద్దర్నీ వాటేసుకుని ఏడ్చేశాడు. బండిలో ఊరికి పోతుంటే మాత్రం మెల్లగా అడిగాడు: “నానొత్తన్నట్టు ఎవులికీ సెప్పనేదు. మీకెలా తెలిసిందిరా?” మేం తలలు దించుకున్నాం. ఆయన పకపకా నవ్వాడు. “నానూ ఇంట్లో సెప్పకుండా ఇలాగే పారిపోనాన్లే.”

ఇంటి దగ్గర ఒకటే సందడి. మా అత్త తమ్ముణ్ణి పట్టుకుని వదల్లేదు. మర్నాడు పరీక్ష కబురు రానే వచ్చింది. నాన్న బరిక తీసుకుని లేచాడు. చిన్నాన్న అడ్డం నిలబడి, “అన్నియ్యా, సముద్రం మీదకొచ్చి నన్ను దింపుకొచ్చిన పిల్లల్ని కొడతావేటి?” అన్నాడు.

నాన్న బరిక చూరులో దోపేశాడు.

మరుసటేడు ఇద్దరం గట్టెక్కాం. ఎలా గట్టెక్కామో మా లెక్కల మాష్టారికి కూడా అంతుపట్టలేదు.