కడిగిన ఇసుక

మా ఆయనది డ్రైక్లీనింగ్ షాపు. చొక్కా మీద మచ్చ చూస్తే చాలు, అది టీయో, సిరాయో, తుప్పో ఇట్టే చెప్పేస్తారు. వీధిలో అందరూ ఆయన్ని మరకలాయన అంటారు. షాపులో ఆ పేరు ముద్దుగానే ఉంటుంది. ఇంట్లో ఆయనతో వేగేదాన్ని నేను.

అలాంటి మనిషి ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టారు. అడుగున తెల్లటి ఇసుక, రాళ్ళ మీద పగడాలు. ఇసుక మీద కాస్త పాచి పట్టేసరికి ఆయనకి నిద్ర కరువైంది. ఇసుకని శుభ్రం చేసే చేప ఒకటుందని చేపల షాపతను అన్నాడట. ఇంకేముంది, ఎగురుకుంటూ వెళ్ళి తెచ్చారు. గోబీ అంటారు దాన్ని. తెల్లటి ఒళ్ళు, పసుపు తల. నోటినిండా ఇసుక తీసుకుని, పుక్కిలించి, మొప్పల్లోంచి వదిలేస్తుంది. మా అమ్మాయి దానికి పుక్కిలి అని పేరు పెట్టింది.

"చూశావా, అచ్చం నా బాపతే!" అని ఆయన మురిసిపోయారు. ఆ మురిపెం మర్నాటికే తీరింది. అది వదిలిన ఇసుకంతా పగడాల మీద పడుతోంది.

"శుభ్రం చేస్తుందని తెస్తే ఇదేంటి, ఇల్లు పీకి పందిరేస్తోంది!"

ఇక దానికి సాయంగా తనే దిగారు. ఆదివారం వస్తే చాలు, ట్యూబుతో ఇసుక లాగడం, పంపు కింద కడగడం, మళ్ళీ తొట్టిలో పరవడం. అదీ నా బకెట్లో, నా వంటగదిలో! సింకులో ఇసుక, గిన్నెల్లో ఇసుక, ఆఖరికి అన్నంలో కూడా ఇసుక.

ఆయన కడిగినకొద్దీ చేప చిక్కిపోయింది. పొట్ట లోపలికి పోయింది. అయినా పొద్దస్తమానం పుక్కిలిస్తూనే ఉండేది. 

"ఏమండీ, దానికేదో అయింది."

"ఇసుకలో ఇంకా మురికి ఉందే, అందుకే" అని మళ్ళీ కడిగారు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

చివరికి నేనే ఆయన్ని చేపల షాపుకి లాక్కెళ్ళాను. షాపతను విని నోరెళ్ళబెట్టాడు.

"అయ్యో సార్, అది పుక్కిలించేది ఇసుకలో ఉండే చిన్న చిన్న పురుగుల కోసం. మీరు మురికని పారబోస్తోంది దాని తిండే. ఇలాగే కడిగితే ఇక దక్కదు."

ఆయన ముఖం పాలిపోయింది. షాపతని పాత తొట్టిలోంచి పురుగులున్న ఇసుక ఒక సంచీ అడిగి తెచ్చుకున్నారు. జిగట జిగటగా ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే తొట్టిలో వేశారు. నీళ్ళు మసకబారాయి. చూడలేక గోడవైపు తిరిగి కూర్చున్నారు.

"తింటోందా?"

"తింటోంది."

"మురికి చేస్తోందా?"

"తొట్టంతా చేస్తోంది. పగడాల మీద కూడా."



"చెయ్యనీ" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మాయి పాకే రోజుల్లో దాని వెనకాలే తడిగుడ్డ పట్టుకుని తిరిగిన మనిషి ఈయన. చేతికి మట్టి అంటితే చాలు, ఏడుస్తున్నా వినకుండా కడిగేవారు. అప్పుడు రాని 'చెయ్యనీ' అనే మాట ఇప్పుడు ఒక చేప కోసం వచ్చిందా!

అదే అడిగేయబోయాను. ఈలోపు అమ్మాయి వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది.

"నాన్నా, ఇంకోసారి అనవా?" అంది.