పేరు లేని టార్పాలిన్లు

మా మేడ మీద కిరాయికి ఉండే అబ్బాయి పోయాడని మొన్న మధ్యాహ్నం హైదరాబాద్ దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. వరద ఊళ్లలో తిరిగి తెచ్చుకున్న జ్వరం. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆలస్యం చేయకుండా మట్టి చేయడం వాళ్ల ఆచారమట, నేను బయల్దేరేలోపే సొంతవాళ్లు ముంబైకి తీసుకుపోయారు. కడసారి చూపు కూడా దక్కలేదు.

అతను యూదుడు. బైబిల్లో చదవడమే తప్ప యూదుణ్ని ఎన్నడూ చూడని నాకు, మరాఠీ యాసలో "అమ్మా, రూమ్ చూపెడతవా?" అని అడిగిన ఆ పొడుగు మనిషి వింతగానే తోచాడు. జహీరాబాద్ హైవే పక్కన లారీలకు టార్పాలిన్లు కుట్టే కార్ఖానా పెట్టాడు. మా కోడికూర వాసనను తెగ మెచ్చుకునేవాడు, వాళ్ల పద్ధతిలో కోసింది కాదని ముట్టేవాడు మాత్రం కాదు. పప్పుగిన్నె పట్టుకుని పైకి పోయేవాడు. శుక్రవారం పొద్దుగూకే వేళ దీపాలు వెలిగించాడంటే మర్నాడు చీకటి పడేదాకా వాళ్ల విశ్రాంతి దినమట, ఫోను, బండి ముట్టడు. యజమానే ఇట్లా కూర్చుంటే ఇక కార్ఖానా నడిచినట్టేనని ఏడిపించేదాన్ని.

అలాంటి ఒక శుక్రవారమే, నేను ఒకప్పుడు పాఠాలు చెప్పిన ఊరి నుంచి నాకు కబురొచ్చింది. వాగు పొంగి గుడిసెలు కొట్టుకుపోయాయి, జనం బడి డాబా మీద తడుస్తున్నారు. సంగతి చెప్పగానే అతను వెలుగుతున్న దీపాలను అలాగే వదిలి కార్ఖానా లారీ తాళంచెవి అందుకున్నాడు.

"ఇయ్యాల బండి ముట్టవు గద బిడ్డా?"

"పానం మీదికొస్తే ఆ కట్టు ఉండదమ్మా. నడువు."

కార్ఖానాలో టార్పాలిన్లు ఎక్కించుకుని బయల్దేరాం. దారిలో మేం దాటిన కల్వర్టూ మునిగింది, దాటాల్సిన కల్వర్టూ మునిగింది. మధ్యలో లారీతో సహా ఇరుక్కుపోయాం. నాకు ముచ్చెమటలు పట్టాయి. అతను ఇంజను ఆపి, "ఎటూ పోలేం, జర కూసుందాం" అని తన భాషలో ఏదో సన్నగా పాడుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. భయమూ తగ్గింది.

నీళ్లు తగ్గాక ఊరు చేరాం. అతను లారీ దిగలేదు. వరదలకని పక్కన పెట్టే టార్పాలిన్లకు కార్ఖానా పేరున్న అంచును ముందే కత్తిరించి ఉంచేవాడు.

"నువ్వే ఇయ్యమ్మా. నా పేరు చెప్పనని మాటియ్యి. రేపు బజార్ల కనబడితే వాళ్లు నా ముందర తల దించొద్దు."

మాటిచ్చాను, టార్పాలిన్లు నా చేత్తోనే పంచాను. ఆనాటి నుంచి ఆ మాటలోనే చిక్కుకుని ఉన్నాను. ఎక్కడ కనిపించినా ఆ ఊరివాళ్లు నాకు దండం పెడతారు. వద్దనలేను, నిజం చెప్పలేను. మోయలేకపోతున్నానంటే, "ఫికర్ చేయకు, నువ్వు మోస్తున్నవ్ గనుకనే నేను అల్కగ తిరుగుతున్న" అని నవ్వేవాడు.

ఫోన్ వచ్చిన రోజే ఆ ఊరి కూలీ మనిషి ఒకామె నాకోసం అల్లం సంచి మోసుకొచ్చింది. ఏడుస్తున్న నన్ను చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఎవరు పోయిన్రు టీచరమ్మా?"

"పైన కిరాయికుండే పిల్లగాడు."

"అయ్యో. నేనెన్నడు సూడనే లేదు." నా పక్కన కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నీసొంటి దానికి గింత దుఃఖమా. నువ్విచ్చిన టార్పాలిన్ కప్పు కిందనే నా బిడ్డ కాన్పయింది. నిన్నెట్ల మరుస్త?"

నిజం నోటిదాకా వచ్చింది. అల్లం సంచి అందుకుని గోడవారగా పెట్టాను. మాట తీసుకున్నవాడు బతికుంటే విడిపించమని కాళ్లావేళ్లా పడేదాన్ని. ఇప్పుడు విడిపించేవాడే లేడు. అందుకే ఇక్కడ కూడా అతని పేరు, ఆ ఊరి పేరు రాయడం లేదు.

ఆమె వెళ్లాక సంచి మోసుకుని మెట్లెక్కాను. తాళం వేసిన అతని తలుపు ముందు పెట్టి దిగివచ్చాను. సాయంత్రం వాన పడింది. అల్లానికి అంటిన ఎర్రమట్టి కరిగి, మెట్టు మెట్టూ దిగి, నా గడప దాకా వచ్చింది.