వెళ్ళొస్తానండీ సార్

రోజూ తాగే కరక్ టీ మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఈ ఉదయం మా ఆవిడ నర్సరీ వాళ్ళిచ్చిన కొత్త కార్డు మెడలో వేసుకుని, అవసరానికి మించి అద్దం ముందు నిలబడింది. కార్డు మీద ఆమె ఫొటో, దాని కింద ‘టీచర్’ అన్న మాట. నాకు కరోనా తగ్గి మాస్కులు వదిలేసిన ఆ ఏడాది గుర్తొచ్చింది. అప్పుడామె అదే నర్సరీలో ఆయా. ముక్కులు తుడవడానికి చదువక్కర్లేదు గానీ, పాఠం చెప్పాలంటే డిప్లొమా ఉండాలన్నాడు నర్సరీ నడిపే ముదీర్. అంతే, నలభై దాటిన మనిషి ఈ అరబ్బు దేశంలో మేముండే రోలా పేటలో, మా గది దగ్గరి కాలేజీలో సాయంత్రం క్లాసులకు చేరిపోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో పప్పు ఇంగ్లీషులో మాడేది. నేను అన్నం వండడం నేర్చుకున్నాను. దాంతో గోడకు పోస్టర్లు అంటించవచ్చని ఆమె అభిప్రాయం.

చివరికి నోటి పరీక్ష వచ్చింది. అది పోతే మళ్ళీ ముక్కులే. ఏడ్చే పిల్లను ఎలా ఊరుకోబెడతావని కాలేజీలో పాఠం చెప్పే ఈజిప్టు సారు ఇంగ్లీషులో అడిగారు. రోజూ చేసే పనే, అయినా దానికి ఇంగ్లీషు మాటలు దొరకలేదు. కుర్చీ జరిపి లేచింది. ‘పోతున్నా’ అనడం మన ఇంటావంటా లేదు కదా, అందుకని “సర్, ఐ విల్ గో అండ్ కమ్” అని దణ్ణం పెట్టి వచ్చేసింది. మన మర్యాదలు తెలియని ఆ పెద్దాయన, మంచినీళ్ళకు వెళ్ళిందనుకుని అలాగే కూర్చున్నారు.

బయట నేను సమోసాలతో సిద్ధంగా ఉన్నాను. “ఖలాస్ అండీ, నా చదువు ఖలాస్” అంటూ ఏడుస్తూనే తినేసింది. ఇంతలో రిసెప్షన్‌లో కూర్చునే మలయాళీ ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

“చేచీ, యల్లా, జల్దీ! సార్ వెయిట్ కర్తా హై. తుమ్ బోలా నా, గో అండ్ కమ్!”

“వస్తానంటే నిజంగా వచ్చేస్తారా ఏంటండీ?” అంది మా ఆవిడ నా వైపు తిరిగి.

“అన్నాక తప్పుతుందా? గోదావరి పరువు తీయకు, వెళ్ళు.”

మూతి తుడుచుకుని వెళ్ళింది. కడుపు నిండిందో, నవ్వొచ్చిందో, భయం మాత్రం పోయింది. మాటలు వెతుక్కోవడం మానేసి, ఒళ్ళో లేని పిల్లను ఎత్తుకుని, వీపు నిమిరి, గదంతా తిరుగుతూ జోకొట్టి చూపించిందట. తనకే నిద్రొస్తోందని చెప్పి సారు పాస్ చేశారు.

ఒట్టేశాను గనక ఒప్పుకోక తప్పదు. ఆయనకు మన మర్యాద తెలియదన్నది నా కల్పన. ఏళ్ళ తరబడి మనవాళ్ళకు పాఠం చెప్పిన మనిషి ఆయన. సర్టిఫికెట్ ఇచ్చిన రోజున, “మీవాళ్ళు ‘గో అండ్ కమ్’ అంటే ఇక రారని నాకెప్పుడో తెలుసు, అందుకే కబురు పెట్టా” అని నవ్వారు. కాలం ఎవరికోసమూ ఆగదంటారు. నిజమే, ఆగేది మనుషులే.