ఆమె ఆగిన చోట

నలభై ఏళ్ల కింద ఒక వారపత్రికలో నేనొక పేజీ వ్యాసం రాశాను. కింద నా పేరు లేదు, మారుపేరు ఉంది. ఆ పేరు నాదని తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు ఆ పత్రిక సంపాదకుడు, ఆయన పోయి చాలా కాలమైంది. రెండోదాన్ని నేను. అందుకే ఇన్నేళ్లు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయాను, మొన్నటి ఎండాకాలం దాకా.

ఆ వ్యాసం ఒక గాయని గురించి. అరవైల్లో మా వైపు ఆమె పాట వినని ఇల్లు లేదు. పుట్టింది కోరుట్లలో, బీడీలు చేసుకుని బతికే ఇంట్లో. కూలికి పోయే ఆడవాళ్ల పాటలు తీసుకుని, వెనక గిటారు, బొంగో పెట్టి పాడింది. రికార్డులొచ్చాయి, రేడియోలో వేశారు, పెళ్లిళ్లలో మైకుసెట్ల వాళ్లు దేవుడి పాట అవగానే ఆమె పాటే పెట్టేవాళ్లు. నేను వ్యాసం రాసేనాటికి ఆ పేరు కాస్త మసకబారింది కానీ ఆమె పాడటం మానలేదు. నేనప్పుడు జగిత్యాలలో కొత్తగా చేరిన తెలుగు లెక్చరర్ని, నాలుగు పుస్తకాలు చదివిన పొగరు. పల్లెపాటకు గిటారు తగిలించి ఊరేగించిందనీ, ఊపిరి చాలక లైను లైనుకూ ఆగిపోతుందనీ, ఆమె ఆగిన చోట గిటారు ఒక్కటే టింగుటింగుమంటుంటే వినేవాళ్లకు జాలేస్తుందనీ రాశాను. స్టాఫ్ రూములో అది పైకి చదివి అందరూ నవ్వారు. ఇంత బాగా ఎవరు రాశారబ్బా అని నేనూ వాళ్లతో కలిసి ఆశ్చర్యపోయాను.

ఆ ఏడాది తర్వాత ఆమె పాడలేదు. వ్యాసం వల్లనే అని నాతో ఎవరూ అనలేదు. కాదని కూడా అనలేదు.

మొన్న ఎండాకాలంలో నా పాత విద్యార్థిని ఒకామె కోరుట్ల నుంచి ఫోన్ చేసింది. బీడీలు చేస్తూనే డిగ్రీ చదివిన పిల్ల, ఇప్పుడు యాభై దాటాయి. తను ఆ గాయని కూతురునని అప్పుడు చెప్పింది. కాలేజీలో ఎవరికీ చెప్పుకోలేదట, నవ్వుతారని. వాళ్లమ్మ సిరిసిల్లలో ఉంటుందనీ, గొంతులో గడ్డ లేచిందనీ, వచ్చే వారం కరీంనగర్‌లో ఆపరేషన్ అనీ, తర్వాత మాట వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేమన్నారనీ చెప్పింది. ఆ లోపల తెలిసినవాళ్లెవరైనా అమ్మ పాటల మీద నాలుగు మంచి మాటలు రాసి ఆమెకు చదివి వినిపించాలని తన ఆశ.

"ఎన్కట ఒకాయిన పత్రికల ఖరాబుగ రాసిండట మేడం. గది సదివినంక అమ్మ మల్ల పాడలె. మీరు రాయాలె."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంట్లో ఎవరూ లేకపోయినా లేచి తలుపు వేశాను. అయితే 'ఒకాయిన' అంది కదా, మగాడనుకుంటున్నారు కదా అని, సిగ్గు లేకుండా, కొంచెం ఊరట పడ్డాను. రాస్తానన్నాను. పెద్దమనసుతో కాదు, రాయనంటే ఎందుకని అడుగుతుందేమోనని.

పాటలు మళ్లీ వినాలి కాబట్టి కోరుట్ల పోయాను. రికార్డుల పాటలన్నీ కూతురు ఫోన్లో ఎక్కించి పెట్టుకుంది. వాళ్ల అరుగు మీద ఆరుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. నాకు కుర్చీ వేశారు. వాళ్లలో ముసలామె ఒకామె నా వైపు చూసినప్పుడల్లా, ఈమెకు ఏమైనా తెలుసేమోనని చూపు తిప్పుకున్నాను. తంబాకు ఘాటు అని చెప్పి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. నిజానికి ముఖానికి అడ్డం.

కూతురు చిన్న స్పీకరు పెట్టి పాట వేసింది. మొదటి లైను వచ్చింది:

"మబ్బు దిగిన మడికాడ మాయమ్మ కొంగు తడిసె..."

ఆగింది. గిటారు ఒక్కటే మోగుతోంది. నేను నలభై ఏళ్ల కింద వెక్కిరించిన ఖాళీ అదే. అంతలో అరుగు మీది ఆరుగురూ, తల కూడా ఎత్తకుండా, ఆకులో తంబాకు నింపే చెయ్యి ఆపకుండా, అందుకున్నారు:

"తడిసెనే, కొంగు తడిసెనే..."

వాళ్లు ముగించిన చోట రికార్డులో ఆమె రెండో లైను మొదలైంది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. మూడో లైను, నాలుగో లైను, అన్నీ అంతే. ఆమె జాగా వదిలింది, వీళ్లు వచ్చి కూర్చున్నారు. నేను పిచ్చిదానిలా చూస్తుంటే ముసలామెకు నా మీద జాలేసినట్టుంది.

"గట్లనే కద మేడం. ఆమె ఎత్తుకుంటది, మనం అందుకుంటం. అందుకోకుంటె పాట ఎట్ల నడుస్తది?"

చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఇది తెలియని మనిషి ఉంటుందని ఆమె అనుకోలేదు.

మల్లాపూర్ దగ్గర మాకు పొలాలుండేవి. చిన్నప్పుడు నాట్ల రోజుల్లో నేను గొడుగు కింద, గట్టు మీద కూర్చుని పాటలు వినేదాన్ని. ఒకసారి నోరు ఊరుకోక అందుకున్నాను. నాయనమ్మ చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. వినొచ్చు, నోరు కలపొద్దు, కూలోళ్ల పాటకు దొర బిడ్డ వంతపాడుతుందా అని తిట్టింది. అప్పటినుంచి బుద్ధిగా వింటూనే పెరిగాను. వింటూనే చదివాను, వింటూనే లెక్చరర్నయ్యాను. ఒక గదిలో ఒక్కదాన్నే రేడియో ముందు కూర్చుని విని, పాటలో ఊపిరి లేదని తీర్పు చెప్పాను. మా ఇళ్లలో పుట్టినవాళ్లే చేయగలిగిన తప్పు అది.

అప్పటిదాకా ఉన్నది దొరికిపోతానన్న భయం. కోరుట్ల నుంచి తిరిగొచ్చాక వేరే భయం పట్టుకుంది. ఒక మనిషి పాటను ఏమీ తెలియక ఆపేశానేమో. కొత్త వ్యాసం మూడుసార్లు రాశాను. పొగడ్త బాగానే కుదిరింది. అది చదివి వినిపించి వచ్చేస్తే అందరూ సంతోషిస్తారు, నన్నెవరూ ఏమీ అనరు. నాకు భయం అదే. ఇప్పుడు చెప్పకపోతే, ఆమె తిట్టాలనుకున్నా తిట్టడానికి గొంతు ఉండకపోవచ్చు.

ఆపరేషన్‌కు నాలుగు రోజుల ముందు, కూతురితో కలిసి కోరుట్లలో సిరిసిల్ల బస్సెక్కాను. చందుర్తిలో డ్రైవర్ దిగి టైరును కాలితో తన్ని చూస్తుంటే, పంక్చరైతే బాగుండునని మనసులో మొక్కుకున్నాను. అయినా బస్సు కదిలింది. పక్క సీట్లో ఆ పిల్ల నా వ్యాసం కాగితాలు దేవుడి ప్రసాదంలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇల్లు మరమగ్గాల షెడ్ల మధ్య ఉంది. పట్టపగలు, అన్ని మగ్గాలూ నడుస్తున్నాయి. మంచం మీద ఆమె, మెడకు తెల్లబట్ట చుట్టుకుని, పిడికెడు మనిషి. గొంతు బొంగురుపోయి ఉంది. కూతురు చాయ పెట్టడానికి లోపలికి పోగానే, కాగితాలు మడిచి సంచిలో పెట్టి చెప్పాను. గప్పుడు పత్రికల రాసింది నేనే అక్కా అని.

ఆమె చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వినవడ్తలేదంది.

అక్కడ ఆగిపోవచ్చు. ఆరోగ్యం ఎట్ల ఉందంటున్నా అని మాట మార్చొచ్చు. మగ్గాల చప్పుడు నాకు ఆ అవకాశం ఇచ్చింది. ఒక్క క్షణం తీసుకుందామనే అనుకున్నాను కూడా. రెండోసారి చెప్పాను, వినపడలేదు. మూడోసారి అరిచాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయి, నా గొంతు ఒక్కటే గల్లీ అంతా వినపడింది.

"నీ పాట మీద గట్ల రాసింది నేనే!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నోరా వీపుకు తేకే అంటారు.

ఆమె నెమ్మదిగా, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. ఆ వ్యాసం చూసి రికార్డుల వాళ్లు ఖాళీలు బాగాలేవన్నారట. తర్వాతి రికార్డులో ఆ చోట్లన్నీ వయొలిన్లతో నింపేశారట. అది తెచ్చి కోరుట్లలో తనవాళ్లకు వినిపిస్తే, ఎక్కడ అందుకోవాలో తెలియక వాళ్లు నోళ్లు మూసుకుని కూర్చున్నారట. నా మాటలకు ఆమె బాధపడలేదు. ఆ మౌనానికి భయపడింది. ఒక్కదాన్నే పాడుకునుడు నాకు రాదు, అంది.

కూతురు చాయ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుగా నన్ను మేడం అన్న పిల్ల. ఆ ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఎవలింటి బిడ్డవని ఆమె అడిగింది. మల్లాపూర్ దగ్గర మా ఊరు, మా ఇల్లు చెప్పాను. తల ఊపింది.

"గట్లనా. మీ ఇండ్లల్ల అందుకోరు గద."

అందులో కోపం లేదు, క్షమించడమూ లేదు. మెడ చుట్టూ ఉన్న బట్ట విప్పింది. డాక్టరు వద్దన్నాడని కూతురు అంటున్నా వినకుండా ఎత్తుకుంది. మబ్బు దిగిన మడికాడ, మాయమ్మ కొంగు తడిసె. గీరుకుపోయిన గొంతు, అయినా అదే పాట. ఆగి నన్ను చూసింది.

ఆ ఖాళీ ఎంతసేపో నాకు తెలుసు. నోరు తెరిచాను, ఏమీ రాలేదు. అరవై ఏళ్ల కిందటి చెవి మంట ఇంకా అక్కడే ఉంది. కూతురు అందుకోగలదు, కానీ పెదవులు బిగించుకుని నిలబడింది. నేను రాసినట్టే, ఆ పాటలో ఒక ఖాళీ మిగిలిపోయింది.

ఆమె మళ్లీ అదే లైను ఎత్తుకుంది, ఇంకా సన్నగా. నాలుగు రోజుల తర్వాత ఆపరేషన్ జరిగింది, ఆ గొంతు మళ్లీ రాలేదు. అదప్పుడు నాకు తెలియదు. తెలిసిందల్లా, ఆమె దగ్గర మిగిలిన కాస్త గొంతునూ నా కోసం రెండోసారి ఖర్చు పెడుతోందని.

"తడిసెనే..." అన్నాను. "కొంగు తడిసెనే..."

శ్రుతి ఎక్కడికో పోయింది. గొంతు మధ్యలో పగిలింది. ఆమె ముఖం చిట్లించి, రెండో లైను ఎత్తుకుంది.