మొసళ్ల మలుపు

ఆ చిన్న విహార నౌకలో అందరికీ ఆమె వంటక్క. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు, భుజం మీద ఎప్పుడూ తడి తువ్వాలు. దట్టమైన అడవి మధ్య నది మెలికలు తిరిగే ఒకచోట మాత్రం వంటగది కిటికీ మూసేసి, మలుపు దాటాకే తెరుస్తుంది. నిరుడు పడవ పంకాకు చుట్టుకున్న గుర్రపుడెక్క తీయడానికి దిగిన ఆమె భర్తను మొసలి లాక్కుపోయింది అక్కడే.

మొన్న ఆ మలుపులో ఆమె పై డెక్కు మీదికి వెళ్లి టీ ఇవ్వాల్సి వచ్చింది. ఆమె ఎవరో తెలియని కొత్త గైడు ప్రయాణికులకు ఆ సంగతే కథగా చెబుతున్నాడు. "అడవంతా దద్దరిల్లేలా అరిచాడట!" అన్నాడు. అందరూ ఫోన్లు నీళ్ల వైపు తిప్పారు.

"అరవలేదు బాబూ," అంది వంటక్క, అతనికి కప్పు అందిస్తూ. "నా వంక చూశాడంతే. ఆయన నడుముకి కట్టిన తాడు నా చేతిలోనే ఉంది."

ఆమె మిగిలిన వాళ్లకూ టీ ఇచ్చి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని నీళ్లలోకి చూస్తూ నిలబడింది.