వీపు చూపించే మనిషి

బస్సులో మైకు పట్టుకుని అతను చెప్పే మాటలు పంతొమ్మిదేళ్ళుగా అవే.

"బ్యాంకు గోడకి ఉన్న మెషిన్ దగ్గరే డబ్బు తీసుకోండి. కొట్ల మూలల్లో, హోటలు మెట్ల కింద ఉన్నవాటి జోలికి పోకండి. తీసేదేదో ఒకేసారి తీయండి, తీసిన ప్రతిసారీ కోత పడుతుంది. 'మీ ఊరి డబ్బులో లెక్క కట్టమంటారా' అని మెషిన్ ఎంతో ప్రేమగా అడుగుతుంది. వద్దని నొక్కండి. ఆ ప్రేమ ఖరీదైంది. నోట్లు చూసి మురిసిపోయి కార్డు అక్కడే వదిలేసి రాకండి."

ప్రేమ ఖరీదైంది అన్నచోట బస్సు నవ్వుతుంది. మొదట్లో ఆ నవ్వు వినడానికి కాసేపు ఆగేవాడు. ఇప్పుడూ ఆగుతాడు. ఆ సందులో నీళ్ళు తాగుతాడు.

అతను టూర్ మేనేజరు. ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్ళని ఇరవై మందినో పాతిక మందినో పోగేసి విదేశాలు తిప్పే కంపెనీలో పని. యాభై ఆరేళ్ళు. పొట్టకి కట్టుకున్న జిప్పు సంచిలో అందరి పాస్‌పోర్టులూ ఉంటాయి, పడుకున్నా విప్పడు. చేతిలో పసుప్పచ్చ గొడుగు వానకోసం కాదు, పైకెత్తితే వెనకవాళ్ళు తప్పిపోరని. మంచు కప్పిన ఒక కొండని నలభైసార్లు చూశాడు. ఎలా ఉంటుందని ఇంట్లో అడిగితే, అక్కడ మరుగుదొడ్డి కొంచెం దూరం అంటాడు.

ఏటీఎం దగ్గర మాత్రం అతని పద్ధతి వేరు. మనిషిని మెషిన్ దాకా తీసుకెళ్తాడు, తెర మీద భాష మార్చి ఇస్తాడు, నాలుగడుగులు వెనక్కి వచ్చి, అటు తిరిగి నిలబడతాడు. నోట్లు లెక్కపెట్టుకుని, కార్డు పర్సులో పెట్టుకుని, "అయింది మేనేజరు గారూ" అని వాళ్ళు పిలిచేదాకా ఇటు తిరగడు.

ఈ టూరులో ఒక రిటైర్డ్ బస్సు కండక్టరు ఉన్నాడు. ఊరుకునే నోరు కాదు. రెండో రోజే అందుకున్నాడు.

"ఏవయ్యా మేనేజరూ, ఇంత డబ్బు కట్టించుకుని, ఇంత దూరం తీసుకొచ్చి, చివరికి మాకు నీ వీపు చూపిస్తావా?"

"మీ గుట్టు మీ దగ్గరే ఉండనీ అన్నగారూ."

"నా అకౌంట్లో గుట్టేముంది నా మొహం! అందులో ఉన్నది చూస్తే నువ్వే జాలిపడి పదో పరకో వేస్తావు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, అటు తిరిగే.

రెండేళ్ళ కిందట అతను ఇటే తిరిగి నిలబడేవాడు. అప్పుడొక టూరులో ఒక సిమెంటు వ్యాపారి ఉండేవాడు. మెషిన్ అంటే భయం. పక్కనే నిలబడమన్నాడు, ఏ మీట నొక్కాలో వేలితో చూపించమన్నాడు. ఇతను చూపించాడు. ఇల్లు చేరిన వారానికి ఆయన అకౌంటులోంచి పెద్ద మొత్తం మాయమైంది. నా నంబరు చూసిన పరాయివాడు ఒక్కడే అని కంపెనీకి ఉత్తరం రాశాడు. ఇతన్ని మూడు రోజులు ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఫోను తీసుకున్నారు. భార్య బ్యాంకు పుస్తకం కూడా తెప్పించారు. నెల తిరిగాక తేలింది, డబ్బు తీసింది ఆయన సొంత అల్లుడేనని. ఆ సంగతి చెప్తూ మాత్రం ఆయన ఉత్తరం రాయలేదు.

ఓనరు పిలిచి టీ ఇప్పించాడు. "నువ్వు చేశావని నేననలేదు. కాని ఇంకొక్క ఉత్తరం వచ్చిందంటే మాత్రం నా చేతిలో ఏం ఉండదు," అన్నాడు.

ఆ రోజు నుంచి వీపు తిప్పడం మొదలైంది. మెల్లగా అది ఇంట్లోకీ వచ్చింది. భార్య ఫోను తెరవబోతే తల పక్కకి తిప్పుకుంటాడు. "నా ఫోనులో ఏం దాచానని ఆ తిప్పుకోవడం? నేనేమైనా సిమెంటు అమ్ముతున్నానా?" అంటుంది ఆవిడ. నవ్వుతూనే అంటుంది. అన్నాక ఫోను బోర్లా పెట్టేస్తుంది.

ఈ టూరులో వాళ్ళు బస చేసిన ఊళ్ళో ఆ రోజు లాంచీ ప్రయాణం ఉంది. పెద్ద సరస్సు దాటి అవతలి ఒడ్డుకి వెళ్ళి సాయంత్రానికి రావాలి. లాంచీవాడు కార్డులు తీసుకోడు, నోట్లే కావాలంటాడు. పదకొండున్నరకి బయల్దేరుతుంది. అందరూ ముందురోజే డబ్బు తీసి పెట్టుకున్నారు, ఒక్క టైపు టీచరమ్మ తప్ప. ఆవిడ ముందురోజు జలుబుతో గదిలోనే ఉండిపోయింది. కంపెనీ నియమం ప్రకారం మేనేజరు ఎవరి తరఫునా సొంత డబ్బు కట్టకూడదు. ఆవిడ తోటివాళ్ళని అడిగే మనిషి కాదు.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి. సన్నగా, నిటారుగా ఉంటుంది. నలభై ఏళ్ళపాటు రెండు గదుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. పదకొండు మెషిన్లు ఉండేవట. ఆ సందులో వాన పడితే తెలిసేది కాదట, లోపలి చప్పుడే పెద్దదని.

మిగతావాళ్ళని రేవు దగ్గర బెంచీల మీద కూర్చోబెట్టి, కండక్టరుకి గొడుగు అప్పగించి, ఆవిడతో బయల్దేరాడు. పదీ యాభై. మెషిన్ రెండు వీధుల అవతల ఉంది.

"స్పీడు పరీక్షకి నేనొక పేరా చదివేదాన్ని, నాయనా," అంది ఆవిడ నడుస్తూ. "'తెల్లవారుజామున ఓడ రేవు వదిలింది' అని మొదలవుతుంది. నలభై ఏళ్ళు అదే పేరా. ఎన్ని వేలసార్లు వదిలిందో ఆ ఓడ. నేను మాత్రం ఇప్పటిదాకా పడవెక్కలేదు."

"ఇవాళ ఎక్కుతారు లెండి."

"ఎక్కడానికే వచ్చాను. ఆ కొండలూ కోటలూ మీరే చూసుకోండి."

మెషిన్ వచ్చింది. భాష మార్చి ఇచ్చి, నాలుగడుగులు వెనక్కి వేసి, తిరిగి నిలబడ్డాడు. ఈ మెషిన్ దగ్గరికి రెండేళ్ళలో ఏడెనిమిదిసార్లు వచ్చి ఉంటాడు. ఎదుటి చెప్పుల కొట్టు, దాని పైన మేడ మీద ఆరేసిన దుప్పట్లు, కాలిబాట కడిగే లావుపాటి ఆవిడ, అన్నీ తెలుసు. కొట్టు అద్దంలో ఎర్ర బూట్లు పోయినసారి ఉన్నచోటే ఉన్నాయి.

వెనక నాలుగు మీటలు టకటకా పడ్డాయి. అంత వేగంగా ఎవరూ కొట్టగా అతను వినలేదు. తర్వాత కీచుమని ఒక చప్పుడు.

"తప్పంటోంది," అంది ఆవిడ.

"మెల్లగా కొట్టండమ్మా. ఒక్కోసారి మీట సరిగా పడదు."

"నా వేలికింద మీట పడకపోవడమా?"

మళ్ళీ టకటకా. మళ్ళీ కీచు.

"ఇంకొక్కసారే అంటోంది. తప్పితే కార్డు ఉంచేసుకుంటుందట," అంది. ఆ గొంతులో భయం కంటే అవమానం ఎక్కువుంది.

అతను ఎర్ర బూట్లకేసి చూస్తూ ఉండిపోయాడు. ఇంకా ఐదు రోజుల ప్రయాణం. కార్డు పోతే ఆవిడ చేతిలో పైసా ఉండదు. ఇంట్లో ఆవిడ కొడుకో కోడలో అడుగుతారు, మేనేజరు ఏం చేస్తున్నాడని. వీపు తిప్పి నిలబడ్డాడని ఆవిడ ఉన్నమాటే చెప్తుంది. అదొక ఉత్తరం. తిరిగి చూస్తే, మెషిన్ నెత్తిన కెమెరా ఉంది. ముసలావిడ చేతిలో కార్డు, పక్కన ఇతని మొహం. రేపు ఏదైనా తేడా వస్తే అదొక ఉత్తరం. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. ఎక్కడైనా కూర్చుంటే బాగుండుననిపించింది.

"పోనీ, వదిలేద్దామా అమ్మా? కార్డైనా మిగులుతుంది."

"లాంచీ?"

అతను వాచీ చూసుకున్నాడు.

"నంబరు మర్చిపోయారేమో. ఒకసారి గుర్తు చేసుకోండి, నాకు చెప్పకండి, మనసులోనే."

"నంబరు నాకెప్పుడూ గుర్తులేదు నాయనా. నా వేళ్ళకి తెలుసు. ఇంటి దగ్గర మెషిన్ ముందు నిలబడితే అవే కొడతాయి."

"మీటల మీద అంకెలు చూసుకుని కొట్టారా?"

"చూసి కొట్టడమా!" ఆవిడ గొంతు లేచింది. కాలిబాట కడిగే ఆవిడ చీపురు ఆపి చూసింది. "చూసి కొట్టేవాళ్ళ చేతుల మీద తువ్వాలు కప్పి నేర్పించాను. మీట చూశావంటే స్కేలుతో ఒకటి పడేది. నన్ను చూసి కొట్టమంటావా?"

అప్పుడు తట్టింది అతనికి. పాత రోజుల్లో, ఇంకా ఇటు తిరిగి నిలబడే రోజుల్లో, ఎక్కడో ఒకటి రెండు మెషిన్లు చూశాడు. వాటికి అంకెలు తలకిందులుగా ఉండేవి.

ఆవిడ చూడదు, అది ఆవిడ చదువు. తను చూడడు, అది తన భయం. ఇద్దరు మనుషులు ఒక మెషిన్ ముందు నిలబడి, దాన్ని ఒక్కరూ చూడలేదు. చూసి ఉంటే నిన్న బస్సులోనే మైకులో చెప్పేవాడు, ఇక్కడ మీటలు వేరుగా ఉంటాయని. మిగతావాళ్ళు అంకెలు వెతుక్కుని నొక్కారు కాబట్టి గట్టెక్కారు.

"టీచరమ్మా, చేతులు మీటల మీంచి తీసేయండి," అన్నాడు. తిరిగాడు.

నాలుగడుగులు ముందుకు నడవడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. కెమెరాకేసి చూడలేదు. మీటలకేసి చూశాడు. పై వరుసలో ఏడు, ఎనిమిది, తొమ్మిది. కింది వరుసలో ఒకటి, రెండు, మూడు.

"మీ వేళ్ళది తప్పు కాదమ్మా. మెషిన్ తలకిందులుగా ఉంది."

ఆవిడ అప్పుడు కిందికి చూసింది. జీవితంలో మొదటిసారి మీటలకేసి చూస్తున్నట్టు, కొంచెం సిగ్గుపడుతూ చూసింది. "ఎవడు చేశాడీ పని?" అంది.

జేబులోంచి లాంచీ కరపత్రం తీసి, వెనక తెల్లగా ఉన్నచోట పెన్నుతో గళ్ళు గీశాడు. ఇంటి దగ్గర ఉండే వరసలో అంకెలు వేశాడు. కింద సున్నా. కాగితం ఆవిడ చేతికిచ్చి, దాని మీద వేలు ఎలా పోతే అలా పోనిమ్మని, ఏ అంకె మీద పడిందో చూసుకుని, ఆ అంకెల్ని ఇక్కడ వెతికి నొక్కమని చెప్పాడు. చెప్పి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, అటు తిరిగాడు. ఎర్ర బూట్లు. అంతా సరిగానే చేశాననుకున్నాడు.

అతను మర్చిపోయినదల్లా ఒకటే. ఆవిడ నలభై ఏళ్ళు డిక్టేషన్ ఇచ్చిన మనిషి. కంటికి కనపడినదేదైనా పైకి చదవకుండా ఉండలేదు.

కాగితం మీద వేలు ఆడిన చప్పుడైంది. వెంటనే, వెనక బెంచీ దాకా వినపడే ఆ పాత గొంతుతో, తెలుగులో, ఒక్కొక్క అంకె విడదీసి నాలుగూ చదివింది. చివర "ఫుల్‌స్టాప్" అంది.

వీధి మొత్తానికి వినపడింది. అర్థమైంది ఒక్కడికే.

అతను కళ్ళు మూసుకున్నాడు. చెవులకి కూడా రెప్పలు ఎందుకు లేవో అనుకున్నాడు. వెనక మీటలు ఒకటొకటిగా, మొదటి రోజు పాఠంలో పిల్లలు కొట్టినట్టు పడుతున్నాయి. ఒక నిమిషం. లోపల నోట్లు తిరుగుతున్న చప్పుడు.

"అయింది నాయనా."

పదకొండూ ఇరవై అయిదుకి రేవు చేరారు. కండక్టరు గొడుగెత్తి, "రైట్ రైట్, లోపలికి జరగండి, ముందు ఖాళీ ఉంది!" అని అరుస్తూ అందర్నీ లాంచీ ఎక్కిస్తున్నాడు.

లాంచీ కదిలాక టీచరమ్మ ఒడ్డువైపు తిరిగి నిటారుగా కూర్చుంది. ఒడ్డు దూరమవుతుంటే పెదవులు మెల్లగా కదిలాయి. ఏ పేరా చదువుకుంటోందో అతనికి తెలుసు. అది పూర్తయ్యేదాకా ఆగి, పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఇంటికి వెళ్ళగానే ఆ నంబరు మార్చేసుకోండి."

"ఎందుకు?"

"నేను విన్నాను."

"వింటే ఏమైంది?"

ఏమైందో చెప్పాడు. సిమెంటు వ్యాపారి, కుర్చీ, భార్య బ్యాంకు పుస్తకం, ఓనరు టీ. టూరుకి వచ్చినవాళ్ళలో ఎవరికీ ఇంతవరకు చెప్పలేదు. చెప్తుంటే తనకే పాత కథలా, కాస్త విసుగ్గా అనిపించింది.

ఆవిడ విని, "ఆయన ఆ ఉత్తరం చేత్తో రాశాడా, టైపు చేయించాడా?" అని అడిగింది.

"టైపు."

"తప్పులున్నాయా?"

"రెండు." వెంటనే చెప్పాడు. అన్నిసార్లు చదివాడు మరి.

"అనుకున్నాను," అంది ఆవిడ. కొంగు సర్దుకుని, "నేనూ ఒకటి రాస్తాను మీ ఓనరుకి. టైపు చేసి. ఒక్క తప్పు ఉండదు," అంది.

"వద్దమ్మా."

"మంచి ఉత్తరమే నాయనా."

"మంచిదైనా వద్దు. నా పేరు మీద ఏ ఉత్తరమూ వెళ్ళకపోతే చాలు."

ఆవిడ అతని మొహంకేసి చూసింది. మీటలకేసి చూసినట్టే, వంగి, శ్రద్ధగా చూసింది.

"సరే. కొత్త నంబరు ఇప్పుడే అలవాటు చేసుకుంటాను. తల తిప్పుకో," అంది.

అతను నీళ్ళవైపు తిరిగాడు. వెనక చెక్కబల్ల మీద వేలు ఆడడం మొదలైంది. నాలుగు దెబ్బలు, ఆగడం, మళ్ళీ నాలుగు. ఈసారి నోరు మూసుకునే ఉంది.

అటు చివరి నుంచి కండక్టరు చూశాడు. "అదిగో, మేనేజరు సరస్సులో కూడా వీపే! ఇక్కడ ఏటీఎం ఎక్కడుందయ్యా?"

వీపు ఆనించుకోవడానికి వెనక లాంచీ కప్పుని మోసే కడ్డీ ఒకటి ఉంది. ఆనించాడు. బల్ల మీది చప్పుడు వినకుండా ఉండటానికి తన మనుషుల్ని తలలు చూడకుండానే, వాళ్ళు కూర్చున్న వరసలో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై రెండు మంది ఉండాలి. పదిహేడు దగ్గర నిద్ర పట్టింది.