మా తాతా, ఆయన ఇన్సేనూ

మా తాతకి మా ఊరు ఇన్సేన్ అంటే పిచ్చి. ఏదో మాటవరసకి అనడం లేదు. బర్మా రాజధాని రంగం నడిబొడ్డున పెళ్ళికి వెళ్ళినా, భోజనం చేసిన చెయ్యి తడి ఆరకముందే "రైలుకి టైమైపోతంది, లెగండి లెగండి" అని మమ్మల్ని తరిమేవాడు. ఇన్సేన్ నీళ్ళు తియ్యనట, ఇన్సేన్ గాలికి జబ్బులు రావట. ఆఖరికి ఇన్సేన్ దోమ కూడా మర్యాదగా కుడుతుందట. "అలాగైతే ఆ దోమనే కట్టుకోవల్సింది, నానెందుకు?" అనేది మామ్మ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న పనికి పోతే నన్ను పెంచింది వీళ్ళిద్దరే, ఈ తగువుల మధ్యనే.

తాత తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఇన్సేన్ రైల్వే కార్ఖానాలో కూలిపనికి వచ్చాడు. తాత ఆ కార్ఖానా లైన్ల ఇళ్ళలోనే పుట్టి, అందులోనే ఫిట్టరై, అందులోనే రిటైరయ్యాడు. నేను పుట్టకముందు, సర్కారు దుకాణాలన్నీ లాక్కున్న రోజుల్లో, మనవాళ్ళు మూటాముల్లె సర్దుకుని తిరిగి శ్రీకాకుళం వైపుకే ఓడలెక్కారు. తాత అన్నదమ్ములిద్దరూ కూడా వెళ్ళారు. వెళ్ళేముందు వచ్చి, రమ్మని కాళ్ళావేళ్ళా పడ్డారట. "మీకది ఊరైతే నాకిది ఊరు" అని వాళ్ళని రేవు దాకా సాగనంపి, తిరుగు రైల్లో ఇంటికొచ్చేశాడు. తర్వాత దేశం తలుపులు మూసుకుంది. ఆ అన్నదమ్ముల మొహాలు మళ్ళీ చూడలేదు.

బయటివాళ్ళకి మాత్రం ఇన్సేన్ అంటే జైలు. ఆ పేరు చెప్పగానే బస్సులో జనం గొంతు తగ్గించేవారు. తాతకి ఒళ్ళు మండేది. "జైలు ఊళ్ళో ఉంది గాని, ఊరు జైల్లో ఉందేటి?" అని పక్క సీటాయనతో తగువేసుకునేవాడు. నేను సిగ్గుతో చచ్చి, కిటికీలోంచి బయటికి చూసేదాన్ని.

నేను కాలేజీలో ఉన్నప్పుడు, సైనిక సర్కారు దిగిపోవాలని వానల్లో ఊళ్ళకి ఊళ్ళే రోడ్ల మీదికొచ్చాయి. కాలేజీలు మూసేశారు. మా నాన్న కూడా కార్ఖానాలోనే పనిచేసేవాడు. తోటివాళ్ళతో కలిసి జెండా పట్టుకుని నడిచాడు. వానలు తగ్గేసరికి రోడ్లు ఖాళీ అయ్యాయి. ఒక సాయంత్రం సర్కారు మనుషులొచ్చి నాన్నని తీసుకుపోయారు. ఎక్కడికని మేం వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ జైలు గంట మా వంటింట్లోకి వినిపిస్తుంది.

"ఏడకే. మనూళ్ళోనే ఉన్నాడు కదా, పరాయిచోటేటి?" అన్నాడు తాత, ఏడుస్తున్న మామ్మతో. మామ్మ గరిటె విసిరికొట్టింది. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం ఆ మాటనే పట్టుకుని బతికాడనుకుంటాను. కొడుకు ఇంటికి రావాలి, తన ఊళ్ళో తన పక్కన కూర్చుని అన్నం తినాలి. అంతకు మించి ఆయనకి ఇంకో కోరిక లేదు.

ములాఖత్ రోజున జైలు ముందు తెల్లవారకుండానే జనం ఉండేవారు. నది అవతల దలా నుంచి పడవెక్కి, అక్కణ్ణుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు, ఇంకా దూరం నుంచి వచ్చినవాళ్ళు, క్యారియర్లు ఒళ్ళో పెట్టుకుని వానలో కూర్చునేవారు. అది చూసి తాత గుమ్మంలోంచే కేకలేశాడు. "మనూరొచ్చినోళ్ళు రోడ్డు మీద కూకుంటారేటి? మనకి పరువు లేదేటి?" అంతే, అందర్నీ ఇంట్లోకి తెచ్చేశాడు. ఆ రోజు నుంచి ములాఖత్ అంటే మా ఇంట్లో పెళ్ళి వంటే. మామ్మ అన్నం వార్చేది, నేను రొయ్యపొట్టు వేయించేదాన్ని, తాత వడ్డించేవాడు. వచ్చేవాళ్ళు ఎక్కువగా బర్మావాళ్ళు. "అబా" అని పిలిచేవారు, పెద్దాయనా అని. తాత వాళ్ళకి కూడా ఇన్సేన్ నీళ్ళ గొప్ప చెప్పకుండా వదల్లేదు.

దలా నుంచి ఒక ముసలామె వచ్చేది. ఒక్కడే కొడుకు, వాడు లోపల. మొదటిసారి భోంచేసి వెళ్తుంటే తాత గుమ్మం దాకా వెళ్ళాడు. మన ఇళ్ళలో పద్ధతి ఉంది కదా, వెళ్ళేవాళ్ళు "వెళ్ళొస్తాం" అనాలి, ఇంటివాళ్ళు "మళ్ళీ రండి" అనాలి. అనకపోతే పొమ్మన్నట్టే. తాత తన పద్ధతి తప్పకుండా, మంచి బర్మా భాషలో, చేతులు జోడించి మరీ అన్నాడు, మళ్ళీ రండమ్మా అని.

ఆమె ఆగిపోయింది. "మళ్ళీ ఇక్కడికి రాకుండా చూడమనే, అబా, నేను రోజూ మొక్కుకునేది" అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపమున్నా బాగుండేది.

ఆ పైన తాత ఎవరికీ "మళ్ళీ రండి" అని చెప్పలేదు. చెప్పకుండా పంపడమూ ఆయనకి చేతకాదు. అందుకని గొడుగు పట్టుకుని ఒక్కొక్కళ్ళనీ బస్సు దాకా, రైలు దాకా దింపి, బండి కదిలేదాకా నిలబడి వచ్చేవాడు. నీళ్ళ గొప్ప చెప్పడం కూడా మానేశాడు. నాకు దిగులేసింది. గొప్పలు చెప్పని తాత నాకు తెలీదు.

ఇంకో రెండు వానాకాలాలు పోయాక నాన్నని వదిలారు. చిక్కిపోయాడు గాని, నవ్వాడు, అన్నం బాగానే తిన్నాడు. తాత పక్కన కూర్చునే తిన్నాడు. నిద్ర మాత్రం పోలేదు. జైలు గంట మోగితే లేచి నిలబడేవాడు. పగలైనా అంతే, చేతిలో ముద్ద ఉన్నా అంతే. లోపల ఏం జరిగిందో చెప్పలేదు, మేం అడగలేదు. గంట మోగే వేళకి తాత గట్టిగా దగ్గేవాడు, పాత్రలతో చప్పుడు చేసేవాడు. దగ్గితే గంట ఆగుతుందా?

ఒకరోజు పొద్దున్న టీ తాగుతూ, "దలాలో ఆ యమ్మ మనకిల్లు సూసింది. సర్దండి" అన్నాడు. మామ్మ వేళాకోళమనుకుంది. తీరా చూస్తే ఆయనే మంచం విప్పుతున్నాడు.

లైన్లలో వాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. పక్కింటావిడ ఏడుస్తూ, "ఏటి మామా, తోడబుట్టినోళ్ళు వచ్చి ఏడిత్తేనే కదల్లేదు కదా, ఇప్పుడేటొచ్చింది?" అంది.

"మావోడికిక్కడ నిద్దర పట్టట్లేదమ్మా" అన్నాడు తాత. ములాఖత్ రోజుల్లో వచ్చినవాళ్ళకి తలుపు తియ్యమని ఆవిడ చేతిలో తాళం పెట్టి, మంచం కోడు భుజానికెత్తుకున్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు పుట్టిన ప్రేమ ఇవాళ్టికీ తగ్గలేదు.

దలాలో దిగేసరికి మధ్యాహ్నం. పడవలో వచ్చిన మూటలు ఇంకా విప్పనేలేదు. ఆ మూటల మధ్యే, తడి చాప మీద, నాన్న ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, చిన్నపిల్లాడిలా. మామ్మ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

కొత్తగా ఎవరో వచ్చారని వీధివాళ్ళు చూడ్డానికొచ్చారు. ఒకాయన గుమ్మంలో నిలబడి, మీదే ఊరు అబా, అని అడిగాడు. అడిగితే చాలు గంటసేపు చెప్పే మనిషి మా తాత. వేలు పెదవుల మీద పెట్టుకుని, లోపలికి చూపించి, "మెల్లగా బాబూ, మావాడు పడుకున్నాడు" అన్నాడు.